రాజవైద్యుడి సీసా నాలుగోసారీ మసకబారింది

ఆదివారం పొద్దున డబ్బా మూత తీయగానే ప్రాణం ఉసూరుమంది. రెజిన్ (హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గాజులా గట్టిపడే ద్రవం) పైన మైనం లాంటి పొర, లోపలంతా పాలు కలిపినట్టు తెలుపు. నాలుగు రోజులు ఆరినా వేలు ఆనిస్తే ముద్ర పడుతోంది.

నేను 1:12 కొలతలో, అంటే అసలులో పన్నెండో వంతు సైజులో, బొమ్మగా కడుతున్నది శాపం తగిలిన రాజుగారి పడకగది. రాజు చేయి తాకితే గండమాల నయమవుతుందని ఇంగ్లండులో ఒకప్పుడు నమ్మేవారు. పసివాడైన శామ్యూల్ జాన్సన్‌ను 1712లో ఆన్ రాణి దగ్గరకు అందుకే తీసుకెళ్లారు. నా రాజు తాకితే రోగం వస్తుంది. వైద్యుడు ఆయన మూత్రాన్ని సీసాలో పట్టి దీపానికి ఎదురుగా చూస్తుంటే, ఆ పసుపులో ఒక నల్లటి దారం అడుగు నుంచి పైకి పాకుతుంటుంది. దృశ్యానికి ప్రాణం ఆ దారమే. మంచం, తెరలు, కిటికీ పూర్తయ్యాయి, బాగా కుదిరాయి.

మూత్రానికి రంగు కలిపిన రెజిన్, సీసాకు పాత టార్చి బల్బు వాడాను. వెడల్పు 11 మి.మీ., మెడ 4 మి.మీ., పట్టేది అర మిల్లీలీటరు. డబ్బా మీద రెజిన్‌కు, హార్డెనర్‌కు 2:1 అని ఉన్నది ఘనపరిమాణం లెక్క. మొదటి మూడుసార్లు నేను తూకంలో 4 గ్రాములకు 2 గ్రాములు కలిపాను. హార్డెనర్ తేలిక కాబట్టి అది ఎక్కువ పడింది. నాలుగోసారి సిరంజితో కొలిచాను. అయినా ఇదే గతి.

రంగు మీద అనుమానం వచ్చి, ఖాళీ మాత్రల స్ట్రిప్పు గుంటల్లో పోసి చూశాను. రంగు లేనిది ఒకటిన్నర రోజుకు గట్టిపడింది. 2 గ్రాములకు ఒక చుక్క ఆల్కహాల్ సిరా వేసినది కొంచెం ఆలస్యంగా గట్టిపడింది. మూడు చుక్కలదానికి ఇప్పటికీ గోరు దిగుతోంది. బల్బులో పోసింది ఒక చుక్కదే, కాబట్టి తప్పు రంగుది కాదు.

మిగిలింది తేమ. పోసిన రాత్రి చెన్నైలో వాన. గదిలో మీటరు 84 శాతం, 28 డిగ్రీలు చూపించింది. హార్డెనర్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిస్తే పైన ఆ మైనం పొర కడుతుంది. గోరువెచ్చని నీటితో తుడిస్తే చాలావరకు పోయింది కూడా. లోపలి తెలుపుకు కారణం బహుశా నా తొందర: బల్బును స్పిరిట్‌తో కడిగి పది నిమిషాలకే పోశాను. అంత సన్నటి మెడలోంచి ఏం ఆరుతుంది? అమ్మ చూసి, “తడి తగిలితే ఆవకాయే నిలవదు, ఇది నిలుస్తుందా నాన్నా?” అంది. నిజమే.

ఈసారి బల్బును సిలికా జెల్ సంచులతో స్టీలు డబ్బాలో రాత్రంతా ఉంచి, ఏసీని డ్రైలో పెట్టి, తేమ 55కు దిగాకే పోస్తాను. యూవీ రెజిన్ అతినీలలోహిత కాంతి పడితే నిమిషాల్లో గట్టిపడుతుంది గానీ నలుపు ఆ కాంతిని అడ్డుకుంటుంది. అదే దిక్కైతే వెంట్రుకకు ఫెవిక్రిల్ నలుపు పూసి, ఆరాక లోపల నిలబెడతాను. అతుకులకు మాత్రం అరాల్డైటే. దాన్ని మించింది నాకింకా దొరకలేదు.

వైద్యుడికి పక్షి ముక్కు లాంటి ముసుగు పెట్టమని ఇద్దరు మిత్రులు అడిగారు. పెట్టను. అది ప్లేగు వైద్యులది. పైగా ఇతని ముఖంలో భయం కనిపించాలి. రాజు నాడి పట్టిన రెండు వేళ్ల కొసలను నల్లబరుస్తాను, గోళ్ల దగ్గర మొదలుపెట్టి మొదటి కణుపు దాకా.