చొక్కాలో ఇంకొకరి పేరు

రాత్రి కాసేపు చూసి పడుకుందామని 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' పెట్టాను, మొదటి ప్రపంచ యుద్ధం మీద 2022లో వచ్చిన జర్మన్ సినిమా. రెండున్నర గంటలు కదల్లేదు.

బాంబులు, కందకాలు, బురద సరే. నన్ను పట్టుకున్నది మొదట్లో వచ్చే యూనిఫాం. చచ్చిపోయిన కుర్రాడి ఒంటి మీంచి విప్పి, నెత్తురు ఉతికి, చిల్లులు మిషన్ మీద కుట్టి, కొత్తగా చేరిన పాల్ చేతిలో పెడతారు. లోపల ఇంకెవరిదో పేరు! పొరపాటున వచ్చిందనుకుని వెనక్కివ్వబోతాడు పిచ్చోడు. ఆఫీసరు ఆ పేరుపట్టీ పీకి పారేస్తాడు. వీడు సంబరంగా తీసుకుపోతాడు.

1918 నవంబరు 11, ఉదయం 11కి కాల్పుల విరమణ. తెలిసీ ఆఖరి నిమిషాల్లో పిల్లల్ని దాడికి తోలే జనరల్‌ని నోరారా తిట్టుకున్నాను. (ఆ దాడి ఈ సినిమాకి మూలమైన నవలలో లేదులెండి.)

ఇందాక ఇస్త్రీ బట్టలొచ్చాయి. కాలరు లోపల లాండ్రీవాళ్లు వేసిన గుర్తు చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయాను.