మా ఇంట్లో అనుకోని పాము గుడ్లు

డాలస్‌లో మా ఇంట్లో పెంచుకుంటున్న కార్న్ స్నేక్ (విషం లేని పాము) పోయిన నెల 11 గుడ్లు పెట్టింది. అమ్మినాయన దాన్ని మగ కింగ్ స్నేక్‌తో ఒకే పెట్టెలో ఉంచాడని తర్వాత తెలిసింది, కింగ్ స్నేక్ తోటి పాముల్ని కూడా మింగే రకం, ఇది బతికి రావడమే గొప్ప. పుట్టేవి సంకరం పిల్లలు, జంగిల్ కార్న్ అంటారు. తడి వెర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే ఖనిజపు పలుకులు) నింపిన డబ్బాలో, 28 డిగ్రీల దగ్గర, సుమారు రెండు నెలలు పొదగాలి. గుడ్డు తిరగబడితే లోపల పిల్ల చచ్చిపోవచ్చు, అందుకే ఒక్కోదాని మీద పెన్సిల్‌తో చుక్క పెట్టాను. నిన్న రాత్రి లైట్లార్పి ఫోన్ టార్చ్ ఆనించి చూస్తే, గులాబీ వెలుగులో వెంట్రుకంత సన్నటి ఎర్రటి నరాలు! ఒకటే టెన్షన్. పిల్లల్ని ఎవరికిచ్చినా సంకరమని చెప్పే ఇస్తాను, మామూలు కార్న్ స్నేక్ అని చెప్పి ఇవ్వడం ఘోరమైన తప్పు.