జోలింగన్‌లో భూతద్దంతో ఒక పూట

జర్మనీలోని ఊపర్టాల్‌లో గాల్లో వేలాడుతూ నడిచే రైలుకి ఆఖరి స్టేషన్ ఫోవింకెల్. అక్కడ దిగి 683 నంబరు ట్రాలీబస్సు పట్టుకుంటే గ్రేఫ్రాత్ వస్తుంది. కత్తుల తయారీకి పేరుపడ్డ జోలింగన్ ఊళ్లో పాత పేట అది. నల్లటి పలకరాయి తొడిగిన ఇళ్లు, తెల్ల కిటికీలు, ఆకుపచ్చ తలుపులు. కొండమీద పాత మఠంలో కత్తుల మ్యూజియం ఉంది.

నెల కిందట ఆదివారం సంతలో ఒక పాత కత్తి కొన్నాను. వెండి పిడి అన్నాడు అమ్మినాయన. కత్తి పట్టుకుని బస్సెక్కితే పోలీసులొస్తారని ఫొటోలు మాత్రం తెచ్చుకున్నాను.

అద్దాల పెట్టెల ముందు వంగి వంగి నడుము పట్టేసింది. అలుగు, అంటే కత్తి పదునుండే ఇనప భాగం, దాని మీద ఉన్న ముద్ర వెండి గురించి చెప్పదని తెలుసుకోవడానికే గంట పట్టింది. పాసౌ అనే ఇంకో ఊరి కమ్మర్ల గుర్తైన పరుగెత్తే తోడేలు బొమ్మని జోలింగన్ కమ్మర్లు కూడా చెక్కేవారు. ఇక్కడి అలుగులు యూరప్ అంతా వెళ్లేవి, పిడి ఇంకెక్కడో ఇంకో కంసాలి వేసేవాడు. వెండి కోసం వెతకాల్సింది పిడిమీద, ఒర తొడుగులమీద. అక్కడ ఊరి ముద్ర, పనివాడి ముద్ర ఉంటాయి. ఆగ్స్‌బర్గ్ వాళ్లదైతే పైన్ కాయ.

పాత సరుకులో నాణ్యత లెక్క 'లోట్' అనే జర్మన్ కొలతలో. మేలిమి వెండి 16 లోట్లు, కాబట్టి 12 అని ఉంటే వెయ్యికి 750 పాళ్లు. 1884లో చట్టం చేసి, 1888 నుంచి దేశమంతటికీ ఒకే గుర్తు పెట్టారు: నెలవంక, కిరీటం. 800 పాళ్లకి తగ్గితే ఆ గుర్తు వేయకూడదు. అయితే ముద్ర లేనంత మాత్రాన వెండి కాదనీ అనలేం, పాతవాటిలో అసలు ముద్రే పడనివి బోలెడు.

నా పిడిమీద ముద్ర ఉందిగా! సన్నటి అక్షరాల్లో 'ఆల్పకా'. చేసినాయన పేరే అనుకుని ఇన్నాళ్లూ మురిసిపోయాను. కౌంటర్ దగ్గరున్న పెద్దాయనకి ఫోన్ చూపిస్తే కళ్లజోడు పైకి తోసి నవ్వాడు. అది మనిషి పేరు కాదట, లోహం పేరు. రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం. వెండి చుక్క కూడా ఉండదు.

బస్సులో అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"అంటే జర్మన్ సిల్వరే కదరా," అంది అమ్మ. "మొన్న వ్రతానికి అందరికీ కుంకుమ భరిణెలు ఇచ్చింది అవే. ఎంత పెట్టావేమిటి?"

సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి పెట్టేశాను.