ఇంట్లో ఫైర్ అలారం కట్టుకుంటే డిటెక్టర్ మాత్రం కొన్నదే పెట్టండి

ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి వాడుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) చేతికొచ్చిన వాళ్ళు చాలామంది ఏదో ఒక రోజు ఎంక్యూ-2 అనే గ్యాస్ సెన్సర్ కొని ఫైర్ అలారం చేస్తారు. అగ్గిపుల్ల గీసి ఆర్పి ఆ పొగ చూపిస్తే బజర్ మోగుతుంది, కాలేజీ ప్రాజెక్టు అయితే మార్కులు పడతాయి, అంతవరకు బాగానే ఉంది. కానీ మనుషులు పడుకునే ఇంట్లో దాన్ని నమ్ముకోవద్దని గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఎంక్యూ-2 లోపల ఉండేది టిన్ ఆక్సైడ్ పూత, దాన్ని వేడిగా ఉంచే చిన్న హీటర్. అది ప్రధానంగా పసిగట్టేది మండే వాయువుల్ని, అంటే ఎల్పీజీ, హైడ్రోజన్, ఆల్కహాల్ ఆవిరి లాంటివి. గాలిలో తేమ మారితే రీడింగ్ మారిపోతుంది, కాబట్టి సముద్రం పక్క ఊళ్ళలో పొద్దున ఒక లెక్క, మధ్యాహ్నం ఒక లెక్క. పైగా హీటర్ ఒక్కటే 5 వోల్టుల మీద దాదాపు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. కరెంటు పోయాక బ్యాటరీ మీద రోజంతా నిలబడాల్సిన వస్తువుకి అది చాలా ఎక్కువ.

చీరాలలో మా చిన్నాన్న వాళ్ళది కింద చీరల స్టాకు, పైన కాపురం. మెట్లు ఒక్కటే, అవి స్టాకు గది పక్కనుంచే పైకి వెళ్తాయి. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 17 మంది చనిపోయిన ఇల్లు కూడా దాదాపు ఇలాంటిదే, కింద షాపులు, పైన కుటుంబం, రావడానికీ పోవడానికీ ఒకటే ఇరుకు దారి. అంతకుముందు 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీ యువకులు ఊపిరాడక పోయారు. మంట దగ్గరికి రాకముందే పొగ మనిషిని పడేస్తుంది, నిద్రలో ఉంటే లేవనివ్వదు కూడా. గుల్జార్ హౌజ్ వార్త చదివాక నాకు చీరాల మెట్లే కళ్ళ ముందు కనిపించి, మిగతా పనులన్నీ పక్కన పెట్టి దీని మీద కూర్చున్నాను.

ఆఫీసుల్లో, హోటళ్ళలో సీలింగుకి కనిపించే తెల్లటి గుండ్రటి డిటెక్టర్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఫైర్ సామాన్లు అమ్మే షాపుల్లో విడిగా దొరుకుతాయి. ఫోటోఎలక్ట్రిక్ రకం తీసుకోండి. దాని లోపల చీకటి గది లాంటి చిన్న అర, అందులో ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, ఒక ఫోటోడయోడ్ ఉంటాయి కానీ ఒకదానికొకటి ఎదురుగా ఉండవు. పొగ కణాలు లోపలికి వచ్చినప్పుడు వెలుతురు వాటి మీద పడి చెదిరి ఫోటోడయోడ్‌కి తగులుతుంది, అప్పుడే అలారం. ఈఎన్ 54-7 (స్మోక్ డిటెక్టర్లకి యూరప్ ప్రమాణం) ముద్ర ఉన్న డిటెక్టర్‌ని ల్యాబులో నిజంగా నిప్పు పెట్టి పరీక్షిస్తారు: నిప్పు అంటుకోకుండా కమిలే కట్టె, మంట లేకుండా రాజుకునే నూలు వత్తులు, మండే ఫోమ్, మండే హెప్టేన్ (పెట్రోలు లాంటి ద్రవం). నూలు బట్ట మంట లేకుండా గంటలకొద్దీ రాజుకుంటూ ఉండగలదని చీరల ఇంట్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పరీక్ష నెగ్గిన వస్తువు వెయ్యి రూపాయలకి కాస్త అటూ ఇటూ దొరుకుతుంటే సెన్సర్‌ని మనమే తయారు చేసుకోవాలనే పట్టుదల ఎందుకు? మన పనితనం చూపించడానికి మిగతా సర్క్యూట్ అంతా ఉంది.

షాపులో "కన్వెన్షనల్, టూ వైర్" అని తెగేసి అడగాలి. అడ్రసబుల్ డిటెక్టర్లు పైకి అచ్చం ఇలాగే ఉంటాయి, కానీ అవి తమ కంపెనీ ప్యానెల్‌తో (డిటెక్టర్లన్నీ కలిసే కంట్రోల్ పెట్టె) తమ భాషలోనే మాట్లాడతాయి, మన బోర్డుకి పనికిరావు. కూల్చిన బిల్డింగుల నుంచి తెచ్చి అమ్మే పాతవి అసలు వద్దు. ఈ హెడ్లకి (సీలింగుకి బిగించిన బేస్‌లో తగిలించే డిటెక్టర్ భాగం) పదేళ్ళు దాటితే మార్చేయడమే మంచిది, వెనక లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది, చూడండి. పాతవాటిలో కొన్ని అయోనైజేషన్ రకం, వాటిలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. దాన్ని విప్పకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు.

టూ వైర్ డిటెక్టర్ పద్ధతి తెలిస్తే పని సగం అయినట్టే. కరెంటు వచ్చేదీ కబురు వెళ్ళేదీ అవే రెండు తీగల మీద. మామూలప్పుడు హెడ్ తీసుకునేది మైక్రో ఆంపియర్లలోనే. పొగ రాగానే అది లైన్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజి కిందికి జారుతుంది. ఆ కరెంటుకి హద్దు పెట్టాల్సింది ప్యానెల్, అంటే మనం. నేను 24 వోల్టుల సప్లైకి సిరీస్‌లో 680 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. లైన్ పూర్తిగా షార్ట్ అయినా 24 వోల్టుల మీద దాదాపు 35 మిల్లీ ఆంపియర్లే, అప్పుడు రెసిస్టర్ మీద వేడి 0.85 వాట్లు (ఛార్జింగ్‌లో 27.3 వోల్టులు ఉన్నప్పుడు దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు, 1.1 వాట్లు), అందుకని 2 వాట్లది వాడాలి. పావు వాటు రెసిస్టర్ పెడితే ఫైర్ అలారమే కమురు వాసన కొడుతుంది. రెసిస్టర్ లేకుండా హెడ్‌ని నేరుగా 24 వోల్టులకి కలిపితే మొదటి అలారానికే హెడ్ పాడైపోవచ్చు.

లైన్ చివర, ఆఖరి బేస్‌లో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ బిగించాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో మొత్తం సిస్టమ్‌లో విలువైనది ఇదే. అది ఉంటే లైన్ మీద ఎప్పుడూ 21 వోల్టుల దగ్గర కనిపిస్తుంది. ఎక్కడైనా తీగ తెగితే 24కి ఎక్కుతుంది, పొగ వస్తే హెడ్‌ని బట్టి బాగా దిగుతుంది (నాకు 8 దగ్గర ఆగింది), షార్ట్ అయితే సున్నా. అంటే ఎలుక తీగ కొరికిన సంగతి నిప్పు అంటుకున్న రోజు కాకుండా కొరికిన రోజే తెలుస్తుంది. ఇది నిజంగా పనిచేయాలంటే ప్రతి బేస్ దగ్గరా తీగని కోసి, వచ్చే కొనని ఒక స్క్రూ కిందా వెళ్ళే కొనని ఇంకో స్క్రూ కిందా విడివిడిగా పెట్టాలి. కోయకుండా తొక్క మాత్రం ఒలిచి మెలితిప్పి ఒకే స్క్రూ కింద దూర్చేస్తే, రేపు ఆ స్క్రూ వదులైనా లైన్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, హెడ్ మాత్రం చచ్చి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి మరీ చూసుకోవాల్సిన చోటు ఇది.

ఇక మైక్రోకంట్రోలర్. హూటర్ (పెద్ద సైరన్) మోగడం అనే పనిని ప్రోగ్రామ్ చేతిలో పెట్టవద్దు. నా దాంట్లో ఎల్ఎం393 కంపేరేటర్ (రెండు వోల్టేజిలని పోల్చే చిప్) ఒకటి లైన్ వోల్టేజిని చూస్తూ ఉంటుంది, 15 వోల్టుల కిందికి పడితే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వేసేస్తుంది, హూటర్ మోగుతుంది. ఈఎస్పీ32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్) చేసేది పక్కన కూర్చుని వోల్టేజి చదివి ఫోన్‌కి మెసేజ్ పంపడం, తీగ తెగితే చిన్న బజర్ కొట్టడం. అది హ్యాంగ్ అయినా, వైఫై పోయినా, రూటర్‌కి కరెంటు లేకపోయినా హూటర్ ఆగదు. షార్ట్‌ని ఫాల్ట్‌గా చూపించాలని కొందరంటారు, పెద్ద ప్యానెళ్ళు అలాగే చేస్తాయి కూడా. ఇంటికి మాత్రం షార్ట్ అయినా మోగనివ్వడమే నయమని నా అభిప్రాయం, మంటకి ఇన్సులేషన్ కరిగి రెండు తీగలు కలిసినా అది షార్టే కదా. సప్లైకి రెండు 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ఎస్ఎంఎఫ్ (నీళ్ళు పోయక్కర్లేని) బ్యాటరీలు సిరీస్‌లో, ఛార్జర్ ఫ్లోట్ (బ్యాటరీ నిండాక నిలిపి ఉంచే వోల్టేజి) 27.3 వోల్టులు. అందుకే ఆ 15ని స్థిరంగా కాకుండా సప్లైలో ఇంత వంతు అని రెసిస్టర్లతో విడగొట్టి ఇచ్చాను, లేకపోతే ఛార్జింగ్‌లో ఒక లెక్క, బ్యాటరీ మీద ఒక లెక్క అయిపోతుంది.

హెడ్ ఒకసారి అలారంలోకి వెళ్తే పొగ పోయినా అలాగే ఉండిపోతుంది. లైన్‌కి సప్లై కొన్ని సెకన్లు తీసి మళ్ళీ ఇస్తేనే రీసెట్. దానికో నొక్కుడు స్విచ్ చాలు, రీసెట్‌ని ఫోన్ నుంచి చేసే సౌకర్యం నేను కావాలనే పెట్టలేదు. నొక్కే మనిషి ఇంట్లో ఉండి, స్టాకు గది చూసొచ్చి నొక్కాలి.

ఎక్కడ ఏది పెట్టాలన్న దగ్గర పిన్ని మాటే చెల్లింది. "నేను రోజూ ఎండుమిరపకాయల పోపు వేస్తానురా, వేసినప్పుడల్లా ఇది అరిస్తే రెండో రోజే పీకి అవతల పారేస్తా" అంది. నిజమే, వంటింట్లో స్మోక్ డిటెక్టర్ నిలవదు. అక్కడ హీట్ డిటెక్టర్ పెట్టాం, 57 డిగ్రీలకి పనిచేసే స్థిర ఉష్ణోగ్రత రకం. వేడి పెరిగే వేగాన్ని చూసే రకం కూడా ఉంది కానీ పెద్ద గిన్నెల్లో వంట జరిగే రోజున దానికీ టెన్షనే. మెట్ల పైభాగంలో, స్టాకు గదిలో స్మోక్. పూజ గదికి దగ్గర్లో ఏదీ పెట్టలేదు, సాంబ్రాణి వేస్తే ఆ పొగ ఏ అలారానికైనా చాలు. సున్నాలు వేసేటప్పుడు హెడ్ మీద ప్లాస్టిక్ టోపీ తొడిగి, అయిపోయాక తీసేయాలి. టోపీతోనే ఏళ్ళ తరబడి వేలాడుతున్నవి పెద్ద పెద్ద భవనాల్లో చూశాను, చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

హూటర్ విషయంలో ఒక్క మాట. పడుకున్నవాళ్ళ తలగడ దగ్గర 75 డెసిబెల్స్ వినిపించాలని ప్రమాణాలు చెబుతాయి, తలుపులు వేసి కొలవాలి. మామూలు పీజో బజర్ శబ్దం 3 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, వయసు మీద పడ్డవాళ్ళకి మొదట పోయేది ఆ సన్నటి శబ్దాలే. 520 హెర్ట్జ్ లాంటి బొంగురు శబ్దం వాళ్ళని బాగా లేపుతుంది. మా నాయనమ్మ గదిలో అందుకే విడిగా అలాంటిదే పెట్టాను.

నెలకోసారి అయస్కాంతం ఆనించి పరీక్షించుకోండి, హెడ్‌కి ఆ ఏర్పాటు ఉంటే. అది సర్క్యూట్‌నే పరీక్షిస్తుంది, పొగ లోపలికి వెళ్ళే దారిని కాదు. దానికి టెస్ట్ స్ప్రే డబ్బా కొనాలి, అగరొత్తి వద్దు, దాని జిడ్డు లోపల పేరుకుంటుంది. బట్టల నూగు, వానాకాలం చిన్న పురుగులు కూడా లోపలికి దూరి ఉత్తుత్తి అలారాలు తెస్తాయి, అప్పుడప్పుడు వ్యాక్యూమ్ పట్టాలి. మోగితే ముందు అందరూ బయటికి, తర్వాతే 101కి ఫోన్. ఇక లాడ్జి, హాస్టల్, అపార్ట్‌మెంట్, పెద్ద షాపు లాంటి చోట నిబంధన ప్రకారం ఉండాల్సిన ప్యానెల్ బదులు ఇది పెట్టడానికి లేదు. అక్కడ సర్టిఫైడ్ ప్యానెలే ఉండాలి, దాన్ని ఏటా చూసే మనిషి ఉండాలి. నేను రాసిందంతా అలాంటి నిబంధనేదీ తలుపు తట్టని మామూలు ఇళ్ళ కోసం.