కొండల్లో 113 కిలోమీటర్లు: నల్లగొండ నుంచి నా మొదటి మిడిల్ డిస్టెన్స్ ట్రయథ్లాన్

1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకదాని వెంట ఒకటి. మధ్యలో గడియారం ఆగదు, బూట్లు వేసుకునే టైమ్ కూడా లెక్కలోకే వస్తుంది. నేను పేరిచ్చింది పడమటి కనుమల్లో జరిగిన రేసుకి, మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి. నల్లగొండలో ఉండి, ఉద్యోగం చేసుకుంటూ దీనికి తయారవడం కుదురుతుందా అని అడిగేవాళ్ల కోసం ఇది.

ఈత మా వైపు అందరికీ వచ్చినట్టే ఉంటుంది, నడుముకి బెండ్లు కట్టి వ్యవసాయ బావిలోకి తోస్తే రాక ఏమవుతుంది! కానీ బావి ఈతలో తల ఎప్పుడూ నీళ్లపైనే ఉంటుంది, తల లేస్తే కాళ్లు కిందికి దిగుతాయి, సగం బలం వాటిని ఈడ్చడానికే పోతుంది. మొహం నీళ్లలో పెట్టి ఊపిరి వదలడం, పక్కకి తిరిగి పీల్చడం పూల్‌లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నా, నెలలు పట్టింది. సాగర్‌లో ప్రాక్టీస్ చెయ్యొచ్చుగా అనేవాళ్లకో దండం, కృష్ణలో మొసళ్లున్నాయి.

అసలు కథ సైకిల్ దగ్గరే. దేవరకొండ వైపు రోడ్లు దూరానికి బాగుంటాయి గానీ ఎక్కుడు కావాలంటే శ్రీశైలం రోడ్డే గతి. అమ్రాబాద్ అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసే ఉంటుంది కాబట్టి మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర ముందే వచ్చి నిలబడేవాళ్లం. నేను శ్రీశైలం సైకిల్ మీద పోతున్నానంటే మా బావ, "ఏంది బామ్మర్దీ, బస్సులు బందైనయా?" అన్నాడు. ఈగలపెంట నుంచి మలుపులు మలుపులుగా కృష్ణ వంతెన దాకా దిగి, మళ్లీ అదే ఘాట్ ఎక్కడం, అదీ మా శిక్షణ. ఆగితే కోతులు జెర్సీ జేబులో అరటిపండు లాక్కుంటాయి, అందుకే ఎంత ఆయాసమొచ్చినా ఆగేది లేదు.

ఆ ఘాట్‌లో తెలిసిందేంటంటే, ఎక్కుడుకి బలం కన్నా చిన్న గేరు ముఖ్యం. ముందు చిన్న పళ్లచక్రం 34 పళ్లది, వెనక పెద్ద చక్రానికి 32 పళ్లుండే క్యాసెట్ (పళ్లచక్రాల సెట్టు) వేయించుకున్నా. పెద్ద గేరులో పళ్లు బిగించి తొక్కితే కొండ ఎక్కేస్తాం, నిజమే, కానీ తర్వాత 21 కిలోమీటర్లు పరిగెత్తాల్సింది కూడా అవే తొడలతో. తిండి సంగతీ అంతే. గంటకి 60 గ్రాముల దాకా పిండిపదార్థం లోపలికి పోవాలి, అది ఎక్కుడు మొదలవకముందే తినాలి, ఎగశ్వాసలో ముద్ద దిగదు. ఇష్టంగా చేయించుకున్న సత్తు ముద్దలు గొంతుకి అడ్డంపడ్డాయి, చివరికి ఉప్పేసిన ఉడకబెట్టిన ఆలుగడ్డ, బెల్లం నిమ్మనీళ్లు నిలిచాయి. దిగేటప్పుడు బ్రేక్ పట్టుకునే ఉంటే వేడెక్కిపోతుంది, మలుపుకి ముందే గట్టిగా పట్టి, తిరిగేటప్పుడు వదలాలి.

రేసు రోజు ఈతలో మొదటి రెండు వందల మీటర్లు ఒకరి కాలు ఇంకొకరి మొహానికి తగలడమే, తర్వాత ఖాళీ దొరికింది. ట్రాన్సిషన్‌లో, అంటే ఈత నుంచి సైకిల్‌కి మారే చోట, హెల్మెట్ బకిల్ పెట్టాకే సైకిల్ ముట్టుకోవాలి, లేకపోతే పెనాల్టీ. మొదటి కొండ మీద జనం నన్ను దాటుకుంటూ పోతూనే ఉన్నారు, నాకు టెన్షనే, అయినా గేరు పెంచలేదు. ఆఖరి కొండ మీద వాళ్లలో కొందరు రోడ్డుకి అడ్డంగా పాములా తొక్కుతూ కనిపించారు. కాస్త సంతోషమేసింది, దాచుకోవడమెందుకు!

సైకిల్ దిగి పరుగందుకుంటే మొదటి రెండు కిలోమీటర్లు కాళ్లు మాట వినవు, శిక్షణలో అలవాటు చేసుకున్నదే కాబట్టి భయపడలేదు. ఎక్కుడంతా నడిచా, చదునులో పరిగెత్తా, నీళ్ల టేబుల్ దగ్గరల్లా ఐసు టోపీలో పోసుకున్నా. కష్టపెట్టింది దిగుడే, అడుగడుక్కీ తొడల ముందుభాగం పీకేసింది. ఎనిమిదిన్నర గంటల కటాఫ్‌కి కాసేపటి ముందు గీత దాటా.

మెడల్ ఫోటో పంపగానే బావ ఫోన్ చేశాడు.

"ఫస్ట్ ఎవరొచ్చిండ్రు?"

"తెల్వది బావా, నేనొచ్చేసరికి వాళ్లు తిని పోయిండ్రు."