డిసెంబరులో గట్టి, ఏప్రిల్‌లో నూనె

గత డిసెంబరులో పాదాల పగుళ్ల కోసం తేనెమైనం, కొబ్బరినూనె, కొద్దిగా ఆముదం కలిపి ఒక లేపనం చేసుకున్నాను. ఒక వంతు మైనానికి ఎనిమిది వంతుల నూనె అన్నది నేను చూసిన కొలత. అది ఏ చలిదేశపు వంటింటి కోసమో రాసినదని నాకు అప్పుడు తట్టలేదు. ఏప్రిల్ వచ్చి, అనంతపురంలో మధ్యాహ్నపు వేడి 40 డిగ్రీలు దాటేసరికి ఆ లేపనం డబ్బాలో అటూ ఇటూ ఊగసాగింది. మా అమ్మ మూత తీసి చూసి, "ఇదేందమ్మా, క్రీము చేసినావా, నూనె కాచినావా?" అని అడిగింది.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, చలికాలపు ఉదయాల్లో నేను చూసి మురిసిపోయిన గట్టితనంలో చాలా భాగం ఆ నూనెదే. తేనెమైనం కరగడానికి 62 నుంచి 64 డిగ్రీలు కావాలి, అయితే నూనెలో కలిశాక అంతకంటే ముందే మెత్తబడుతుంది. రెండోసారి కొబ్బరినూనెకు బదులు ఎప్పుడూ ద్రవంగానే ఉండే వేరుశనగ నూనె తీసుకుని, నాలుగు వంతులకు ఒక వంతు మైనం వేశాను. అది మే నెలలో వేలికి మెత్తగా తగిలింది గానీ, డబ్బా వంచినా కారలేదు. వేరుశనగ పడనివారు మాత్రం ఈ నూనె జోలికి పోకూడదు.

చిక్కబరచేది వేరు, చర్మాన్ని మెత్తబరచేది వేరు అన్న సంగతి నాకు ఈ డబ్బాతోనే అర్థమైంది. నూనె పొడిబారిన చర్మపు పొరల మధ్య సందుల్లో చేరి గరుకుతనాన్ని తగ్గిస్తుంది. మైనం పైన పొరగా నిలిచి లోపలి తేమను ఆవిరి కానివ్వదు.

నీటితో చేసే జెల్లుల సంగతి పూర్తిగా వేరు. అవిసె గింజలను ఉడికించి తీసే జిగురును వేడిగా ఉండగానే పలచటి గుడ్డలో వడకట్టాలి, చల్లారితే గుడ్డ దాటి రాదు. రాసుకున్నప్పుడు హాయిగానే ఉంటుంది కానీ, అందులో చెప్పుకోదగ్గ నూనె లేనందున ఆరాక ముఖం బిగిసినట్టు అవుతుంది. కలబంద కోయగానే కారే పసుపు రసం కొందరికి దురద పుట్టిస్తుంది కాబట్టి, మట్టను కాసేపు నిలబెట్టి దాన్ని కారిపోనివ్వాలి. ఆ గుజ్జు మిక్సీలో వేశాక పలచబడితే, నీటిని చిక్కబరచే శాంతన్ గమ్ అనే పొడి పనికొస్తుంది. 100 గ్రాములకు అర గ్రాము చాలు, రెండు గ్రాములు వేస్తే చీమిడిలా సాగుతుంది. దాన్ని నేరుగా నీటిలో చల్లితే ఉండలు కడుతుంది గనుక ముందుగా కొద్దిగా గ్లిజరిన్‌లో కలుపుకోవాలి. మన మటిక్కాయల (గోరుచిక్కుడు) గింజల నుంచే వచ్చే గ్వార్ గమ్ కూడా ఇదే పని చేస్తుంది. జెలటిన్ ఒంటి వేడికి దగ్గరలోనే కరుగుతుంది కనుక మన ఎండలకు దండగ.

నీరున్న దేన్నైనా నేను ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపే వాడి, మిగిలితే పారబోస్తాను. విటమిన్ ఇ చుక్కలు వేస్తే నిల్వ ఉంటుందని చాలామంది చెబుతారు. అది నూనె ముక్కిపోవడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప, నీటిలో పెరిగే సూక్ష్మజీవులను ఆపదు. నీరు ఏమాత్రం లేని మైనపు లేపనానికి ఆ భయం చాలా తక్కువ, తడి చేతులు పెట్టకపోతే చాలు. అందుకే మా అమ్మ చేతికి అందేలా గూట్లో ఉంచిన డబ్బాలో ఇప్పుడొక చిన్న చెక్క చెంచా కూడా ఉంది.