నరారా రాళ్ల కింద పిస్టల్ రొయ్య

నరారా వెళ్లేవాళ్లు ఆటుపోట్ల పట్టిక చూసుకున్నాకే రైలు టికెట్లు తీసుకోవాలి. గుజరాత్‌లో జామ్‌నగర్ దాటి వాడినార్ దగ్గర ఉంటుందిది. కచ్ సింధుశాఖలో 1982లో ఏర్పడిన మన దేశపు మొదటి మెరైన్ నేషనల్ పార్కులో భాగం. అమావాస్యకో పౌర్ణమికో సముద్రం బాగా వెనక్కి పోతే, పగడపు దిబ్బల మీద కాళ్లతోనే నడవచ్చు. ఈత రాని నాలాంటివాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. దారంతా మా బావమరిది గొడవ ఒకటే: "ఇగురుకి కూడా పనికిరాని రొయ్య కోసం ఇంత దూరమా బావా?"

పిస్టల్ రొయ్య వేలెడంత కూడా ఉండదు. రెండు డెక్కల్లో ఒకటి మాత్రం ఒంటికి మించిన సైజు. దాన్ని టక్కున మూస్తే నీళ్లు చిమ్ముకెళ్లి ఒక బుడగ పుడుతుంది. చప్పుడు డెక్కలు తగిలి రావట్లేదనీ, ఆ బుడగ పేలినప్పుడు వస్తోందనీ 2000లో హైస్పీడ్ కెమెరాతో తేల్చారు. పేలే క్షణంలో బుడగ లోపలి వేడి 5000 కెల్విన్ దాటుతుందని మరుసటి ఏడాది లెక్కగట్టారు. ఆ దెబ్బకి చిన్న చేపలూ పీతలూ దిమ్మెరపోతాయి.

నీళ్లు మోకాళ్ల కిందకి దిగగానే చుట్టూ టక్, టక్ మని మొదలైంది. వినడం సులువే. కనిపించాలంటే మాత్రం గైడే దిక్కు. ఆయన రాయిని మెల్లగా ఎత్తి, చూపించి, మళ్లీ అదే వైపు పడుకోబెట్టేవాడు. తిరగేసి వదిలేస్తే అడుగున ఉన్న ప్రాణులన్నీ ఎండకి పోతాయట. ఒక ఇసుక గుంటలో గోబీ చేప కాపలా కాస్తుంటే, రొయ్య బొరియలోంచి ఇసుక తోడి పోస్తోంది. రొయ్యకి చూపు అంతంతమాత్రం కాబట్టి తన మీసం ఒకటి చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. చేప తోక ఆడించిందంటే ఇద్దరూ లోపలికి. మా బావమరిది నోరు మూయించింది ఆ సీనే.

ఇంకాస్త ముందుకెళ్లాక ఒక రాయి కింద వేరే రకం కనిపించింది. ఒళ్లు లేత ఆకుపచ్చ, పెద్ద డెక్క కొనలు నారింజ రంగు. గైడ్ కూడా "ఇది ఎప్పుడో గానీ కనపడదు సాబ్" అన్నాడు. కళ్లు పెంకు కిందకి పోయి ఉన్నాయి కాబట్టి పిస్టల్ రొయ్యల కుటుంబమైన ఆల్ఫియిడేలోదే అనిపించింది. ఆ తర్వాతే టెన్షన్. ఏ జాతో చెప్పాలంటే పెద్ద డెక్క మీది గాడులు, కళ్ల మధ్య ముల్లు, తోక పలక అన్నీ కావాలి. పట్టి సీసాలో వేసుకుందామంటే అది నేషనల్ పార్కు, అనుమతి లేకుండా కుదరదు. కుదరకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పైగా ఆల్కహాల్‌లో వేస్తే రంగు పోతుంది. పాత మ్యూజియం నమూనాలన్నీ తెల్లబోయినవే. బతికున్నప్పటి రంగు చూశాకే, ఒకటే అనుకున్న కొన్ని జాతులు నిజానికి రెండు మూడని తేలింది. పనామా పసిఫిక్ తీరంలో దొరికిన, డెక్క గులాబీ రంగులో మెరిసే రొయ్యకి 2017లో పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ పేరే పెట్టేశారు!

ఫొటోలు, చోటు, తేదీ, నీటి మట్టం జీవుల్ని గుర్తుపట్టి చెప్పే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టాను. ఒక నిపుణుడు ఆ కుటుంబంలో ఆల్ఫియస్ అనే ప్రజాతిదని ఖాయం చేసి, డెక్క లోపలి వైపు ఫొటో లేనిదే జాతి చెప్పలేనన్నారు. కాబట్టి ఇంటిపేరు తెలిసింది, పేరు బాకీ.

మీరెవరైనా వెళ్తే తలని పైనుంచి ఒకటి, పెద్ద డెక్కకి రెండు వైపులా చెరొకటి, పక్కన స్కేలు పెట్టి తీయండి. కాళ్లకి మాత్రం మడమ మూసుకునే బూట్లే వేసుకోండి, చెప్పులు బురద లాగేసుకుంటుంది.